వెనక్కి వేసిన అడుగులు

విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందులోకి తిరిగినా ఆసుపత్రి బోర్డులే. అలాంటి ఒక సందులో, మేడ మీదున్న ఫిజియోథెరపీ గదికి వెళ్లాను. ఫంక్షనల్ మూవ్‌మెంట్ డిజార్డర్ అని నరాల డాక్టర్లు తేల్చి పంపినవాళ్లు ఇక్కడికి వస్తారు. స్కానింగులో గడ్డ ఉండదు, నరం తెగి ఉండదు. అయినా కాలు ఈడుస్తుంది, చెయ్యి వణుకుతుంది, మెడ ఓ పక్కకు లాగేస్తుంది. తేడా అంతా మెదడు కదలికను నడిపించే తీరులో ఉంటుంది. ఆ మనిషి కావాలని చేసేది ఇందులో ఏమీ లేదు.

అవనిగడ్డ వైపు నుంచి వచ్చిన నలభై ఏళ్లావిడ బల్ల మీద పడుకుని ఉంది. పొలం గట్టు మీద జారిపడింది. బెణుకు తగ్గింది గానీ కుడికాలు ఈడవడం మొదలైంది. ఎమ్మారైలో ఏమీ లేదన్నారు. ఆ మాట ఇంటికి చేరేసరికి జబ్బే లేదన్నట్టయింది. అత్తగారు నటన అన్నారట, ఇరుగుపొరుగు గాలి సోకిందన్నారట. మెడలో తాయెత్తు ఇంకా ఉంది. పని చేయని కాలితో వచ్చిన మనిషిని ‘ఏమీ లేదు’ అని పంపేయడం అన్యాయం. ఉన్నదేమిటో పేరు పెట్టి చెప్పడం దగ్గరే ఈ వైద్యం మొదలవుతుంది.

ఫిజియోథెరపిస్టు చిన్నపిల్లే. ఆవిడ భర్తను పిలిచి, ఆవిడ కుడి మడమ కింద అరచెయ్యి పెట్టమంది. ‘అమ్మా, ఆ మడమతో కిందకి నొక్కండి.’ ఆవిడ పళ్లు బిగించింది, నుదుట చెమట పట్టింది. మడమ కదల్లేదు. ‘దాన్నలా వదిలేయండి. ఎడంకాలు పైకెత్తండి, నేను ఆపుతాను.’ ఎడంకాలు లేస్తుండగానే ఆయన ముఖం మారిపోయింది. ‘నొక్కుతోందండీ! నా చెయ్యి నలిగిపోతోంది!’

అమెరికా వైద్యుడు చార్లెస్ హూవర్ 1908లో రాసిన పరీక్ష ఇది. ఒకప్పుడు రోగి చెప్పేది నిజమా కాదా అని తేల్చడానికి వాడేవారు. ఇప్పుడు కాలిలో బలం ఉందని రోగికే చూపించడానికి వాడుతున్నారు. ఒకే పరీక్షను మనిషిని పట్టుకోవడానికీ, మనిషికి ధైర్యం చెప్పడానికీ వాడొచ్చు. ఈ గదిలో రెండోది చూశాను.

‘మరి కరెంటు పెట్టరా డాక్టరమ్మా?’ అని అడిగిందావిడ. ఫిజియోథెరపీ అంటే మనవాళ్లకు కరెంటు, లైటు, మసాజ్. ఇక్కడ ఆ మెషీను మూల గుడ్డ కప్పుకుని ఉంది. ఒకరు చేస్తుంటే పడుకునే వైద్యం దీనికి పెద్దగా పనికిరాదు. కదలిక రోగి చేతుల్లోకే తిరిగి రావాలి.

నడవమన్నారు. చూపంతా కాలి మీదే, అడుగు నేలకు అతుక్కుపోయింది. ‘ఊడ్పులకు వెళ్తారా అమ్మా?’ ‘చిన్నప్పట్నుంచీ అదే పని కదమ్మా.’ ‘అయితే ఇది చేననుకోండి. నాటుకుంటూ వెనక్కి రండి.’ ఆవిడ చీర కుచ్చిళ్లు ఎగదోపి వంగింది. ఎడంచేతిలో నారుకట్ట ఉన్నట్టే వేళ్లు ముడుచుకున్నాయి, కుడిచెయ్యి గచ్చును తాకి లేచింది. కుడికాలు బురదలోంచి లాగినట్టు లేచి వెనక్కి పడింది. తర్వాత ఎడమ. మళ్లీ కుడి. కిటికీ దగ్గర్నుంచి తలుపు దాకా ఎక్కడా ఈడవలేదు.

కాలి మీద ధ్యాస పెట్టేకొద్దీ ఈ జబ్బు ముదురుతుంది, ధ్యాస మళ్లితే పాత అలవాటు తనంతట తాను బయటికొస్తుంది. ఇతర దేశాల్లోనూ ఇలాంటి రోగుల్ని వెనక్కి, పక్కలకి, తాళానికి తగ్గట్టు నడిపిస్తారు. డెల్టాలో ఊడ్చిన ఆడమనిషికి ఆ విద్య ఒంట్లోనే ఉంది, దాన్ని గుర్తుపట్టే ఫిజియోథెరపిస్టు దొరకాలంతే.

అందరికీ ఇలా కుదరదు. బ్రిటన్‌లో 355 మందిపై చేసిన అధ్యయనం 2024లో అచ్చయింది. ఏడాది తర్వాత శారీరక సామర్థ్యపు కొలతలో, ఈ ప్రత్యేక ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లకూ మామూలు ఫిజియోథెరపీకి వెళ్లినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తమ కదలికలు మెరుగయ్యాయని చెప్పినవాళ్లు మాత్రం ప్రత్యేక వైద్యం పొందినవాళ్లలోనే ఎక్కువ. పక్క బల్ల మీద చెయ్యి వణికే కుర్రాడు కూర్చున్నాడు. రెండో చేత్తో తాళం వేస్తే వణుకు ఆగుతోంది, ఆపగానే తిరిగొస్తోంది. అతనికి ఇంకా చాలా రోజులు పడుతుంది.

బయల్దేరేముందు భర్త చేతికర్ర కొనమంటారా అని అడిగాడు. వద్దంది ఆ అమ్మాయి. ‘కర్రకు అలవాటుపడితే వదలడం కష్టం. ఇంకోటి, అడుగడుక్కీ జాగ్రత్త, జాగ్రత్త అనకండి బాబాయ్‌గారూ. కాలు వైపు చూడొద్దు. బస్టాండు దాకా ఊరి సంగతులేవో మాట్లాడుతూ నడిపించండి.’ మెట్ల మీద ఆయన కాలవకు నీళ్లెప్పుడు వదుల్తారో అంటూ మొదలుపెట్టాడు. ఆవిడ ఎవరో వదిన మీద ఫిర్యాదు అందుకుంది. మూడో మెట్టు మీద కాలు ఒకసారి తడబడింది. ఆయన ఏమీ అనలేదు.