నిద్రను నిలుపు నేర్పు

క్లోరోఫారము ముందుగా గుండెను బాధించునా, శ్వాసను బాధించునా యని డాక్టరు ఎడ్వర్డ్ లారీ పూనికతో, నైజాము ధనసాహాయ్యముతో 1889లో రెండవ కమిషను కూడి పరీక్షలు జరిపిన హైదరాబాదు నగరముననే, నేటి మత్తువైద్యమును కన్నులార చూడవలెనన్న కోరిక నాకు చిరకాలముగా నుండెను. మత్తు డాక్టరైన నా మేనల్లుడు తన ఆసుపత్రివారి అనుమతిని, థైరాయిడ్ ఆపరేషనుకు వచ్చిన యొక వృద్ధురాలి సమ్మతిని సంపాదించి పెట్టగా, టోపీయు మాస్కును ధరించి థియేటరులో ఒక మూల నిలిచితిని.

సిరంజిలలో నన్నాకర్షించినది నిద్రమందైన ప్రోపోఫాల్. నీట కరుగని ఈ మందును సోయానూనెలో కలిపి, కోడిగ్రుడ్డు సొననుండి తీసిన లెసిథిన్ తోడ్పాటున సూక్ష్మబిందువులుగా నీటిలో నిలుపుదురు గనుక అచ్చముగా పాలవలె నుండును. క్రిములకును పుష్టికరమే గావున, తెరచిన సీసాను మరునాటికి దాచుట నిషిద్ధము.

"పెద్దమ్మా, చెయ్యి జర మండుతది, భయపడకు" అనుచు అతడు నరములోనికి మందెక్కింపగా, మనుమరాలి పెండ్లిమాట చెప్పుచున్న యామె మాట నడుమనే తెగిపోయెను. వ్రేలికొనతో కనురెప్పల వెండ్రుకలను తాకి చూచెను, రెప్ప కదలలేదు. శ్వాసయు నాగెను. నా గుండె ఝల్లుమన్నది గాని, అతడు దానికై సిద్ధముగనే యుండి, మాస్కుతో ఊపిరి నందించి, పిమ్మట గొట్టమమర్చెను.

ఇంతవరకు సులభమేనట! ఒక్క మోతాదుతో వచ్చిన నిద్ర కొలది నిమిషములకే తేలిపోవును; మందు నశించుటచేత గాదు, రక్తసమృద్ధి గల మెదడును తొలుత చేరినది పిదప కండరములలోనికి, కొవ్వులోనికి తరలిపోవుటచేత. 1934లో అమెరికాలో వాడుకకు వచ్చిన థయోపెంటాల్, నిద్రపుచ్చుటలో దిట్టయే యైనను, మరల మరల నిచ్చినచో ఆ తావులన్నియు నిండిపోయి, కాలేయము దానిని మెల్లగా విరుచువరకు రోగి గంటలతరబడి లేవకుండెడివాడు. ఇంగ్లండులో ఐసీఐ సంస్థయందు జాన్ గ్లెన్ బృందము రూపొందింపగా 1986లో విపణికి వచ్చిన ప్రోపోఫాల్ శీఘ్రముగా విరిగిపోవును గనుకనే, ఆపరేషను ముగియువరకు పంపుతో ధారగా నెక్కింప వీలయ్యెను. అయినను అది నొప్పిని హరింపదు. అందుకు ఫెంటానిల్ వేరుగా నీయవలెను. నొప్పిని హరించుచు, రక్తపోటును పడిపోనీయక, కన్నులు తెరచియుండగనే మనిషిని మత్తులో నుంచు కెటమిన్ నెత్తురోడుచు వచ్చిన ప్రమాదరోగులకై అలమరలో నుండెను.

పంపు ఆగిన కొంతసేపటికి ఆమె కన్నులు తెరచెను. ఈథరు నాళ్లలో మెలకువతో పాటు వాంతులు తప్పకుండెడివి. ప్రోపోఫాల్ వానిని గూడ కొంత అణచునట. అందుకే కాబోలు, ఆమె మొదటిమాట, "చాయ్ ఇస్తరా, డాక్టరు బిడ్డా?"

"ఇప్పుడే కాదు, పెద్దమ్మా" అని మావాడు మరియొక రోగి కాగితములందుకొనెను.