బ్యాటరీ కౌలుకా, సొంతానికా?

నేను కరెంటు కారు చూస్తున్నానని తెలిసి నలుగురైదుగురు ఫోన్ చేసిండ్రు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ఇక్కడే రాస్తున్న.

ముందు అవసరం చెప్తా. మా ఇంటామెకు వారానికి మూడుసార్లు డయాలసిస్. హన్మకొండ పోయి రావడానికి 110 కిలోమీటర్లు, నెలకు 1,400 దాటుతది. కిరాయి కారుకు ట్రిప్పుకు 1,800 చొప్పున నెలకు 23 వేలు పోతున్నయి. మూడెకరాల మీద ఇది ఎన్నాళ్లు నడుస్తది?

చివరికి రెండు బండ్లు మిగిలినయి. టాటా పంచ్ ఈవీ, ఎంజీ విండ్సర్.

పంచ్ 2024 జనవరిలో వచ్చింది. అప్పుడు చిన్న బ్యాటరీ 25 యూనిట్లది, షోరూమ్ ధర 10.99 లక్షల నుంచి. అప్పుడు కంపెనీ 315 కిలోమీటర్లు అన్నది. విండ్సర్ అదే ఏడు సెప్టెంబరులో వచ్చింది. 38 యూనిట్ల బ్యాటరీ, కంపెనీ లెక్క 332. ఏసీ వేసి, మన రోడ్ల మీద మూడింట రెండొంతులే వస్తదనుకున్నా రెండూ 200 దాటుతయి. మాకు 110 చాలు. అందుకే మైలేజీ గొడవ పక్కన పెట్టిన.

అసలు తిరకాసు ధరలో ఉంది. 2024లో వచ్చినప్పుడు విండ్సర్ 9.99 లక్షలకే అని బోర్డు పెడితే అది బ్యాటరీ లేని ధర. అప్పుడు బ్యాటరీకి కిలోమీటరుకు 3.50 కిరాయి. బ్యాటరీతో కలిపి కొంటే అప్పటి ధర 13.50 లక్షలు. మన భాషలో చెప్పాలంటే ఎడ్లబండి మనది, ఎడ్లు కిరాయివి.

ఆ ధరల మీద నేను వేసుకున్న లెక్క ఇది. 1,400 కిలోమీటర్లకు నెలకు 4,900 కిరాయి. బ్యాటరీ ఖరీదు మూడున్నర లక్షలకు బ్యాంకులో పది శాతం వేసుకున్నా మొదట్లో నెలకు వడ్డీ 2,900. మిగతా రెండు వేలు అసలుకు పోతది, బ్యాటరీ మనదైతది. అదే ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే వడ్డీ ఒక్కటే 7,000. అప్పుడు కిరాయే నయం. అంటే ఏది లాభమన్నది బండిని బట్టి కాదు, మనకు అప్పు ఎక్కడ పుడుతదన్న దాన్ని బట్టి. కిరాయికి పోయేవాళ్లు రెండు సంగతులు కాగితంలో చూడండి. నెలకు కనీసం ఇన్ని కిలోమీటర్లకు కట్టాలని షరతుందా? గడువు తీరినాక బ్యాటరీ ఎవరిది? కౌలు కాగితం చదవకుండా సంతకం పెట్టం కదా.

ఇక కరెంటు. ఇంట్లో 15 ఆంపియర్ల ప్లగ్గు చాలు, మా ట్రిప్పుకు రాత్రి ఐదారు గంటలు పెడితే సరిపోతది. కానీ ఎర్తింగ్ బాగుండాలి, ఒక కిలోవాట్ మీటరైతే లోడు పెంచుకోవాలి. మోటరు కనెక్షన్ నుంచి మాత్రం గుంజొద్దు, అది సాగుకు ఇచ్చిన కరెంటు. ఇంకోటి, యూనిట్‌కు ఏడు కిలోమీటర్లు వచ్చినా కారుకే నెలకు 200 యూనిట్లు. గృహజ్యోతి సున్నా బిల్లు ఉన్నోళ్లు ఇది ముందే లెక్కలో పెట్టుకోండి. మన తెలంగాణలో 2024 నవంబరు నుంచి కరెంటు బండ్లకు రోడ్ ట్యాక్స్ మాఫీ ఉంది, అదొక్కటి కలిసొచ్చింది.

ఈ లెక్కల ప్రకారం మాకు పంచే చవక. మా ఇంటామె కూడా అదే అన్నది. "కూసొని వస్త గాని, అప్పు పెంచకు" అన్నది. నేను మాత్రం ఆమెను డయాలసిస్ అయిన రోజే షోరూమ్‌కు తీసుకపోయిన. పంచ్‌లో నిటారుగా కూసొని ముందు సీటు పట్టుకుంది. విండ్సర్ వెనక సీటు 135 డిగ్రీలు వాలుతది. వెనక్కి వాలి కండ్లు మూసింది, పది నిమిషాలు లేవలే.

బ్యాంకు లోను వస్తే బ్యాటరీతో సహా విండ్సరే తీసుకుంటున్న. ఆ ధరల లెక్కన ఎక్కువయ్యే రెండున్నర లక్షలు ఆ వెనక సీటుకే అనుకుంటున్న.

ధరలు మారుతుంటయి, మీరు పోయిన రోజు మళ్లీ అడగండి. ఇంట్లో పెద్దోళ్లకో, రోగమున్నోళ్లకో బండి చూసేటట్టయితే, వాళ్లు నీరసంగా ఉన్న రోజే కూసోబెట్టి చూడండి. ఈ రెంటిలో ఏదైనా ఏడాది పైగా నడిపినోళ్లుంటే, ఎండాకాలం లో వోల్టేజీలో చార్జింగ్ ఎట్లుందో చెప్పండి.