ఛాతీ ఆస్పత్రి దగ్గర దిగాం

"ఎర్రగడ్డల యాడ దింపాలె?" అని అడిగాడు ఆటో అతను. నేను నోరు తెరిచేలోపే అక్క "ఛాతీ ఆస్పత్రి దగ్గర" అనేసింది.

2021 డిసెంబరు 27, సోమవారం. ఒమిక్రాన్ పేరు అప్పుడప్పుడే జనం నోళ్లలో నానుతోంది. ఏడాదిన్నరగా ఛాతీ ఆస్పత్రి అంటే కోవిడ్ ఆస్పత్రే. మామూలుగా అయితే ఆ పేరు చెప్పుకోవడానికి భయపడాలి. మా అక్కకు మాత్రం, వెళ్లాల్సిన ఆస్పత్రి పేరు కన్నా అదే నయమనిపించింది. దిగి, ఆటో కనుమరుగయ్యేదాకా ఆగి, మానసిక చికిత్సాలయం గేటు వైపు నడిచాం. పదిహేడేళ్ల మేనల్లుడు మాకు పదడుగుల వెనక వస్తున్నాడు. టోపీ కళ్ల మీదికి, మాస్కు కళ్ల కిందికి లాక్కున్నాడు.

రాయలసీమలో ఎర్రగడ్డ అంటే ఉల్లిగడ్డ. హైదరాబాదులో అది ఊరి పేరుగా మొదలై తిట్టుగా మిగిలింది. జాల్నాలో ఉన్న నిజాం కాలపు మానసిక ఆస్పత్రిని 1953లో ఇక్కడికి తెచ్చారు. 600 పడకలు. విశాఖ వైపు ఇదే తిట్టుకు, అక్కడి మానసిక ఆస్పత్రి ఉన్న చినవాల్తేరు పేరు వాడతారు. వెటకారానికి ప్రతి ప్రాంతానికీ సొంత చిరునామా ఉందన్నమాట.

మేనల్లుడి గురించి కొంచెం చెప్పాలి (వాడిని అడిగే రాస్తున్నాను). 2020లో పదో తరగతి. మార్చి 19న పరీక్షలు మొదలై మూడు పేపర్లతో ఆగిపోయాయి. జూన్‌లో అందరినీ పాస్ చేసేశారు. ఇంటర్‌లో చేరిన కాలేజీని చూడనేలేదు, పాఠాలన్నీ ఫోన్‌లోనే. మొదటి ఏడాది పరీక్షలు లేవన్నారు. రెండో ఏడాదిలోకి వెళ్లాక 2021 అక్టోబరు 25 నుంచి ఆ మొదటి ఏడాదివే పెట్టారు. డిసెంబరు 16న ఫలితాలొచ్చాయి. రాసిన 4.59 లక్షల మందిలో గట్టెక్కింది 49 శాతం. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు, గొడవలయ్యాయి. 24న తప్పినవాళ్లందరికీ 35 మార్కులు వేసి ప్రభుత్వం పాస్ చేసేసింది.

మావాడూ అలా పాసైనవాడే. "పాసయ్యాడుగా, ఇంకా ఏం రోగం?" అన్నాడు బావ. కానీ 24 తర్వాత కూడా వాడు గది తలుపు తీయలేదు. స్నానం చేసి వారం దాటింది. అప్పుడు కదిలాం.

చీటీ రాయించుకుని ఓపీ దగ్గర నిలబడ్డాం. దూరం పాటించమని నేల మీద గీసిన వలయాలు అరిగిపోయాయి, వాటిని చూసి నిలబడేవాళ్లూ లేరు. మా ముందు సంగారెడ్డి నుంచి వచ్చిన తల్లీ కూతుళ్లు. అమ్మాయి డిగ్రీ మొదటి ఏడాది. తల్లి సంచిలో రొట్టెలు, పచ్చడి డబ్బా, దుప్పటి ఉన్నాయి. అడ్మిట్ చేస్తారేమోనని ముందే సర్దుకొచ్చింది. "భూతవైద్యానికి పదకొండు వేలు అయినయి సార్. కరోనాల అందరు దుకాణాలు మూసిండ్రు, ఆయన మూయలె" అంది, నవ్వకుండా.

మా వంతు వచ్చింది. డాక్టరమ్మ వాడిని కూర్చోబెట్టి, అక్కను కాసేపు బయట ఉండమంది. "రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావ్?" "పొద్దున ఐదింటికి." "తిండి?" భుజాలెగరేశాడు. "క్లాసులో మాట్లాడతావా?" "కెమెరా ఆఫ్‌లో పెడతాం మేడమ్. సార్ కూడా ఆఫ్‌లోనే. పీపీటీ ఒక్కటే కనిపిస్తది."

ఆమె పెన్ను కింద పెట్టింది. లేచి, తెరిచి ఉన్న కిటికీ దాకా వెళ్లి, అక్కడ నిలబడి మాస్కు తీసింది. "చూడు, నా మొహం ఇది. ఇప్పుడు నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో నీకు తెలుసు" అని మళ్లీ మాస్కు పెట్టుకుని వచ్చి కూర్చుంది. పది సెకన్లు కూడా పట్టలేదు. వాడు టోపీ తీశాడు. ఆ తర్వాత ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ ఏడాది మొత్తం మీద మాతో అన్ని మాటలు మాట్లాడి ఉండడు.

నేను పుల్ల వేశాను: "పరీక్షలే కదా మేడమ్ వీళ్లను చంపుతున్నది?" ఆమె ఒప్పుకోలేదు. దేశంలో 2019లో 10,335 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకుంటే, 2020లో ఆ లెక్క 12,526. జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన అంకెలు ఇవి. బడులు మూతపడి, చాలా పరీక్షలు రద్దయిన ఏడాది అది! "పరీక్ష తీసేస్తే పోయేదయితే అప్పుడే పోవాలి కదా. ఫలితం రోజు బయటపడుతుంది, అంతే. లోపల ఎప్పటినుంచో ఉంటుంది" అంది.

2020 మార్చి చివర ఇక్కడి హడావిడి వేరని చెప్పుకొచ్చింది డాక్టరమ్మ. లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దొరక్క వణుకుతూ, ఫిట్స్‌తో, లేనివి కనిపిస్తున్నాయంటూ జనం వచ్చిపడ్డారు. కల్తీ కల్లులో కలిపే మత్తుబిళ్లలకు అలవాటుపడ్డ పాతికేళ్లలోపు కుర్రాళ్లూ ఉన్నారట వాళ్లలో. మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. "తాగుడు మానినవాళ్లు అరుస్తారు, అందరికీ తెలిసిపోతుంది. ఈ పిల్లలు అరవరు కదా" అంది. అందుకే వీళ్లు ఆలస్యంగా వస్తారు.

బావకు ఫోన్‌లో ఒకటే భయం: ఉంచేసుకుంటారేమో, కరెంటు షాకులిస్తారేమో. సినిమాల పుణ్యం. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం పద్దెనిమిది నిండనివాళ్లను చేర్చుకోవాలంటే ఇద్దరు మానసిక వైద్యులు, లేదా ఒక మానసిక వైద్యుడితో పాటు మరో వైద్యుడో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా చూడాలి. పెద్దల వార్డులో కలపకూడదు. తల్లో తండ్రో, లేదా వాళ్లు నియమించిన మనిషో చేర్చిన రోజు నుంచి పంపించేదాకా పక్కనే ఉండాలి. మత్తు ఇవ్వకుండా షాక్ చికిత్స ఎవరికీ ఇవ్వకూడదు. మైనర్లకైతే సంరక్షకుల సమ్మతి, మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి రెండూ ఉంటేనే. ఇది చెబితే బావ "మరి పేపర్లో రాయరేం?" అన్నాడు. రాసేవాణ్ని నేనే కాబట్టి ఏమీ అనలేకపోయాను.

మావాణ్ని చేర్చుకోవాల్సిన పని లేదన్నారు. మాత్రలు పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది, బాగుందని మధ్యలో ఆపకండి, పదిహేను రోజులకు రండి. మందులు అక్కడే ఊరికే ఇచ్చారు. సంగారెడ్డి అమ్మాయిని చేర్చుకుంటున్నారు, ముందు కోవిడ్ పరీక్ష. తల్లి సంచి నేల మీద పెట్టి, ముక్కులో పుల్ల పెడితే కూతురు ఎక్కడ బెదురుతుందోనని చెయ్యి పట్టుకుని నిలబడింది.

డాక్టరమ్మ అడిగిన ఒక ప్రశ్న రాయకుండా దాటేశాను. "ఇన్ని నెలలు ఇంట్లో ఎందుకు చెప్పలేదు?" అందామె. వాడు నా వైపు చూసి, చూపు తిప్పుకుని, "మామ జోక్ చేస్తాడని" అన్నాడు. ఆ ఏడాది సంక్రాంతికి వాళ్లింట్లో భోజనాల దగ్గర నేను అన్న మాట గుర్తొచ్చింది: "పగలంతా ఇలా పడుకుంటే నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాల్సిందేరా." అందరం నవ్వాం. వాడూ నవ్వాడు.

2022 అక్టోబరు 10 నుంచి టెలి మానస్ ఉంది. 14416కు ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లో పిల్లలుంటే ఆ నంబరు వాళ్లకు తెలిసేలా చూడండి. ఎర్రగడ్డ జోకు వేసే మామయ్య ఉంటే, ఆయనను కాస్త ఊరుకోమనండి.