ఎర్త్ పట్టని లైట్లు

జూన్ 18, 2024

బ్రేకు తొక్కితే ఎడమవైపు ఇండికేటర్ కూడా మసగ్గా వెలుగుతోంది. ఇండికేటర్ వేస్తే పక్కనున్న టెయిల్ లైటు దాంతోపాటు కొట్టుకుంటోంది. ఇది 1997 మోడల్ మారుతి 800. పెదవాల్తేరులో సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడ్డ బండి. జబ్బు బల్బులో లేదు, ఎర్త్ పోయింది.

బల్బులోంచి బాడీకి, బాడీలోంచి బ్యాటరీకి చేరాల్సిన కరెంటుకు తుప్పు అడ్డొస్తే అది పక్క బల్బు ఫిలమెంటులో దూరి, దాని వైరు పట్టుకుని ముందు లైట్ల ఎర్త్ దాకా పోతుంది. అందుకే ఒకటి వేస్తే మరొకటి వెలుగుతుంది. మనం ఆగుతున్నామో తిరుగుతున్నామో వెనక వచ్చేవాడికి తెలియదు. రాత్రిపూట భీమిలి రోడ్డు మీద అది ప్రాణాలతో పని. రేపే విప్పాలి.

జూన్ 19

లైటు ఆర్పి ఓముల్లో కొలిస్తే మీటరు అంతా బాగానే ఉందంటుంది. అది పంపే కరెంటు అతి స్వల్పం, తుప్పులోంచి కూడా దూరిపోతుంది. లైటు వెలుగుతుండగా వోల్టులు చూడాలి: ఒక ప్రోబు హోల్డరు ఎర్త్ మీద, రెండోది బ్యాటరీ నెగటివ్ మీద. 0.2 దాటకూడదు. ఎడమవైపు 3.1 చూపించింది. కుడివైపు 0.4. అంటే అదీ ఆ దారిలోనే ఉంది.

బ్యాటరీ నెగటివ్ విప్పి, డిక్కీలో ఎర్త్ బోల్టు తిప్పితే తీగ చివరనుండే లగ్గు పొడిపొడిగా రాలింది. తీగ తొడుగు లోపల రాగి నల్లబడిపోయింది. మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరిస్తూ పోవాల్సి వచ్చింది. నల్లరాగి మీద కొత్త లగ్గు నొక్కితే పని దండగే. బాడీ మీద రూపాయి బిళ్ళంత మేర ఎమెరీ పేపరుతో రంగూ తుప్పూ పోయి తెల్లటి ఇనుము తేలేదాకా రుద్దాను. స్టార్ వాషర్ వేసి బిగించాను, దాని పళ్ళు ఇనుములోకి దిగుతాయి. వాజిలిన్ బిగించాకే, పైన దట్టంగా. రాగీ ఇనుమూ కలిసినచోట ఉప్పుతేమ చేరితే ముందు తినేది ఇనుమునే, ఆ తేమను ఆపడానికే ఈ పూత.

మళ్ళీ కొలిస్తే 0.05. బ్రేకు బ్రేకుగా, ఇండికేటర్ ఇండికేటర్‌గా వెలిగాయి. కుడివైపూ అలాగే చేశాను.

జూన్ 22

హెడ్‌లైట్లు డల్‌గా ఉన్నాయని ఎదురింటి మాస్టారు 100 వాట్ల బల్బులు వేయమన్నారు. "ముందు ఎర్త్ చూద్దాం మాస్టారూ" అన్నాను.

55 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 4.6 ఆంపియర్లు లాగుతుంది. దారిలో అర ఓము తుప్పున్నా దాదాపు రెండు వోల్టులు అక్కడే ఖర్చయిపోతాయి. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు సుమారు 30 శాతం పోతుంది. పెద్ద బల్బు వేస్తే కరెంటు పెరుగుతుంది, తుప్పు దగ్గర నష్టమూ వేడీ పెరుగుతాయి, చివరికి హోల్డరు కరుగుతుంది. వెలుగు కోసం డబ్బు పెట్టేవాళ్ళు ఎమెరీ పేపరు ముక్క గురించి ఆలోచించకపోవడం నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ముందువైపు ఎర్త్ బోల్టులు రెండూ విప్పి శుభ్రం చేశాం, మాస్టారు టార్చి పట్టుకున్నారు. పాత బల్బులే, ఎదురు గోడమీద వెలుగు తెల్లబడింది. ఇంజనుకీ బాడీకీ మధ్య ఎర్త్ పట్టీ ఒకటి మిగిలింది. వానలు ముదరకముందే బండి కింద దూరి అది కూడా విప్పాలి.