ఎపిటోమ్

తెలుగు మాధ్యమంలో చదివిన నాకు ఆంగ్ల పదాల మీద వ్యామోహం కలిగించింది నార్మన్ లూయిస్ రచన 'వర్డ్ పవర్ మేడ్ ఈజీ'. 1949లో తొలిసారి వెలువడిన ఆ పుస్తకం పాత ప్రతి ఒకటి నాన్నగారి బీరువాలో ఉండేది. అది మాటలను వల్లె వేయించదు, ధాతువును పట్టి ఇస్తుంది. లాటిన్‌లో 'లోక్వి' అంటే మాట్లాడటమని తెలిశాక లొక్వేషస్, ఎలొక్వెంట్, సొలిలొక్వీ ఒకే ఇంటివారిగా కనబడ్డాయి. మనకు 'వచ్' ధాతువు నుండి వక్త, వచనం, వాక్కు పుట్టినట్టే.

ఉచ్చారణ కూడా అందులో ఉంటుంది. నేనే దాన్ని దాటవేసేవాణ్ణి. రాసినట్టే చదువుకునే భాషలో పెరిగినవాడికి అక్షరాన్ని శంకించాలని ఎందుకు తోస్తుంది? అలా 'హైపర్బలీ'ని హైపర్‌బోల్ అనీ, 'ఎపిటమీ'ని ఎపిటోమ్ అనీ ఏళ్ల తరబడి మనసులోనే పలుకుకున్నాను.

ఉద్యోగంలో చేరాక ఒక సహోద్యోగి, పాపం నవ్వకుండానే, సరిదిద్దాడు. ఆ నెలలోనే ఊరికి వెళ్లాను. బంధువుల ఎదుట నన్ను మెచ్చుకుంటూ నాన్నగారు 'ఎపిటోమ్' అన్నారు. తక్షణం దిద్దాను. నా గొంతులో కొంత ఉత్సాహం కూడా ఉండి ఉంటుంది. "అలాగా" అని ఊరుకున్నారు. మళ్లీ నా ముందు ఆ పుస్తకం ప్రసక్తి తేలేదు.

ఆయన పోయాక బీరువా సర్దుతుంటే నోటుబుక్కు ఒకటి దొరికింది. ప్రతి ఆంగ్ల పదానికీ ఎదురుగా తెలుగులో ఉచ్చారణ. ఒకచోట 'ఎపిటోమ్' కొట్టివేసి ఉంది. పక్కన వేరే సిరాతో, వణికిన అక్షరాలతో: ఎపిటమీ. దాని కింద, కుండలీకరణాల్లో, నా పేరు.