సర్వేల్ బాటలో రెండు బడులు

హైదరాబాదు నుండి విజయవాడ వెళ్లే రహదారిపై చౌటుప్పల్ వద్ద దక్షిణానికి మళ్లితే సంస్థాన్ నారాయణపురం మండలం వస్తుంది. ఒకప్పుడు నల్గొండ జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరింది. ఎర్రనేలలు, తాటిచెట్లు, నడుమ రాతిగుట్టలు. తేలియా రుమాలుకు పేరొందిన పుట్టపాక ఈ మండలంలోనిదే. అయితే మేము ఇటు వచ్చినది నేత వస్త్రాల కొరకు కాదు, బడుల కొరకు.

ఈ మండలంలోని సర్వేల్ గ్రామానికి మన విద్యా చరిత్రలో విశిష్ట స్థానమున్నది. 1971లో, శ్రీ పి.వి. నరసింహారావు గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, ఆంధ్రప్రదేశ్‌లోని తొలి గురుకుల పాఠశాల ఇక్కడే వెలసింది. మరుసటి ఏడు తాడికొండ, కొడిగెనహళ్లిలలో అటువంటివే ఆరంభమయ్యాయి. ఆయన కేంద్రంలో విద్యాశాఖను నిర్వహించిన రోజులలోనే 1986 జాతీయ విద్యా విధానం వచ్చి, నవోదయ విద్యాలయాలు దేశమంతటా విస్తరించాయి.

గురుకులంలో ప్రవేశానికి పరీక్ష ఉంటుంది. నెగ్గిన బాలునికి చదువు, భోజనం, వసతి అన్నీ ఉచితం. తెల్లవారింది మొదలు రాత్రి దీపం ఆర్పే వరకు అతని కాలమంతా చదువుకు అనువుగా అమరి ఉంటుంది. పేదింటి పిల్లలెందరో ఈ మార్గాన ఉన్నత పదవులను అందుకొన్నారు. ఆ మేలు చిన్నది కాదు.

జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తీరు వేరు. అక్కడ ఆరు నుండి పదవ తరగతి వరకు వచ్చిన ప్రతి బిడ్డనూ చేర్చుకొంటారు. మధ్యాహ్న భోజనం బడిలోనే. సాయంత్రం గంట కొట్టగానే పిల్లలు ఇళ్లకు మళ్లుతారు. ఒకరు మేకలను తోలుకొని రావాలి. మరొకరు ఆసు పోసే తల్లికి చేయందించాలి. పుస్తకం తెరిచేది ఆ తరువాతనే.

పదవ తరగతి చివర ఇరువురూ వ్రాసేది ఒకే పరీక్ష. ఫలితాలను పక్కపక్కన పెట్టి మనం తీర్పు చెప్పేస్తాం. మోటారు సామర్థ్యాన్ని నిర్ణయించడానికి బయటికి వచ్చిన శక్తి ఒక్కటే చాలదనీ, లోనికి పంపిన శక్తిని కూడా కొలవాలనీ ఎరిగిన మన ఇంజనీర్లు సైతం బడుల విషయంలో ఈ సూత్రాన్ని మరచిపోతారు. ఏరి కూర్చిన తరగతికీ, ఊరంతటినీ అక్కున చేర్చుకొన్న తరగతికీ ఒకే కొలబద్ద సరిపోదు. పైగా చురుకైన విద్యార్థి గురుకులానికి, బస్సు రుసుము కట్టగలవాడు ప్రైవేటు బడికి తరలిపోగా, మిగిలిన వారికి ఊరి బడియే దిక్కు.

ఇది మన సంస్థలకు సంబంధించిన విషయం కూడా. 2013 కంపెనీల చట్టం ప్రకారం, నిర్ణీత పరిమాణం గల సంస్థలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. అందులో విద్యకు చోటున్నది. కర్మాగారాల చుట్టుపక్కల బడులను ఎంచేటప్పుడు ఉత్తీర్ణతా శాతాన్ని మాత్రమే చూస్తే, ఉన్నవారికే మరికొంత చేరుతుంది. ఆరవ తరగతిలో చేరిననాడు బిడ్డకు ఎంత చదవను వచ్చు, పదవ తరగతి దాటేనాటికి ఎంత వచ్చు అని అడిగి చూడాలి. సాయంకాలపు తరగతులకు అల్పాహారం, ఇల్లు చేరడానికి వాహనం, ప్రయోగశాలకు పరికరాలు, బాలికలకు నీటి వసతి గల మరుగుదొడ్లు: ఊరి బడికి కావలసినవి ఇటువంటివి.

గురుకులాలు వర్ధిల్లవలసినదే. అక్కడ సీటు దొరకని బిడ్డ చదివే బడి కూడా బాగుండాలన్నదే మా విన్నపం.