నీళ్లల్ల పొద్దు

చాలా ఏళ్ల కిందట వరినాట్ల మీద ఒక కవిత రాశాను. అందులో పడమటి ఆకాశం ఎర్రబడింది, సూర్యుడు అస్తమించాడు, శ్రామిక స్త్రీలు ఇళ్లకు మరలారు. సభలో చదివితే చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి అమ్మకు వినిపించాను. ముప్పై ఏళ్లు కైకిలికి పోయిన మనిషి.

"నాటేసేటోళ్లకు ఆకాశం యాడ కనపడ్తది బిడ్డా? నడుం వంచినంక పొద్దు మడి నీళ్లల్లనే కనపడ్తది. నీళ్లు ఎర్రగైనయంటే పొద్దు గూకుతుందని ఎరుక. ఇంటికాడ ఇంకో పని ఉండనే ఉంటది" అంది.

సిగ్గుపడ్డాను. 'సూర్యాస్తమయం' అన్నప్పుడే నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను. 'పొద్దు గూకింది' అనే అమ్మ మడిలో ఉంది. 'కైకిలి'ని 'శ్రమ' అని దిద్దగానే అందులోంచి ఆసామి, లెక్క, బాకీపడ్డ కూలి అన్నీ జారిపోయాయి.

గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడిన ఫలితం మనందరం అనుభవిస్తున్నాం. కానీ శిష్ట వ్యావహారికం చదువుకున్నవాళ్ల వాడుక. కైకిలి ఆడవాళ్ల మాట దానికి 'యాస'గానే మిగిలింది. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' 1921 నుంచి 2002 వరకు దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒకచోట చేర్చింది. అది చదువుతూ కొన్ని మాటలకు నిఘంటువు వెతికాను, అమ్మ పక్క గదిలో ఉండగా!

నేను పాఠాల్లో చదువుకున్న కొంగు సిగ్గుకో శృంగారానికో గుర్తు. జూపాక సుభద్ర కొంగు మీద రాసిన కవితలో అది మానం కాపాడే గుడ్డ కాదు, పనిలో తోడు. ఆ సంగతి మర్యాద భాషలో కుదరదు. ఆ భాష ఎన్నడూ కొంగు నడుముకు చుట్టి పనిలోకి దిగలేదు.

అలాగని నాలుగు పల్లె మాటలు అద్దితే పల్లె కవిత్వం కాదు. నేనూ ఆ పని చేశాను. 'గోస', 'యాష్ట' అని పేర్చి ఇంకో కవిత రాస్తే ఒక పత్రిక వేసుకుంది. అమ్మ విని, "మాటలు నాయే గని ఏడ్సుడు నీది. నాటేసేటప్పుడు మేం నవ్వుకుంటం గూడ" అంది.

మొదటి కవితను ఇప్పటికీ పుస్తకంలో చేర్చలేదు. 'ఆకాశం' కొట్టేసి 'మడి నీళ్లు' అని రాసి పెట్టుకున్నాను. ఆ నవ్వు ఎక్కడ పెట్టాలో అమ్మనే అడగాలి.